పగ దిగని మనసుకు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నల్లగొండకు దగ్గర్లో మా ఊళ్లో అమావాస్య రాత్రి తత్వాల కూటం జరుగుతుంది. తంబుర, తాళాలు, చిడతలు, నడిరాత్రికి శనగ గుడాలు. భజన నడుస్తున్నంతసేపు ఎవరూ ఏమీ అడగరు. చాపలు చుట్టేటప్పుడు మాత్రం ఒక్కరు వెనక ఆగుతారు. చెప్పులు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసి, "సారూ, ఒక్క ముచ్చట" అంటారు. ఎక్కువసార్లు ఆ ముచ్చట పగ గురించే. నేను ఎక్కువగా చెప్పేది, రోజూ కాసేపు కళ్లు మూసుకుని కూర్చుని లోపలికి చూసుకోమని.

నేను గురువును కాను. రిటైరైన బడిపంతులును, ఒకప్పుడు గొడ్డలి పట్టుకున్నవాణ్ని. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాశాను, పేర్లు, ఊళ్లు తీసేశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## దెబ్బ పచ్చిగా ఉన్నప్పుడు

పదిమంది ముందట మా అయ్యను పట్టుకొని తిట్టిండు. మూడు రోజులైతంది, నిద్ర పడ్తలేదు. ఇప్పటికిప్పుడు ఏం చెయ్యాలె?

ఈ మూడు రోజుల్లో తత్వం, గీత, క్షమ ఏవీ పనిచేయవు. ముందు ఒళ్లు చల్లబడాలి. మందు ముట్టొద్దు, కల్లు కూడా. గొడ్డలి, కొడవలి, పురుగుమందు డబ్బా ఇంట్లో వేరేవాళ్ల చేతికి ఇచ్చేయండి. పగ ఎప్పుడూ ఎదుటివాడి మీదికే పోతుందని లేదు, ఒక్కోసారి మన మీదికే తిరుగుతుంది. పొద్దు గూకినాక ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఎవరికీ వాయిస్ మెసేజ్ పెట్టొద్దు. చేనుకు పోయి ఒళ్లు వంచి పని చేయండి, నిద్ర దానంతట అదే వస్తుంది.

చంపాలనో చావాలనో ఆలోచన ఆగకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ప్రాణం మీదికొస్తే 112.

రక్తం మరుగుతుంటే కండ్లు మూసుకొని కూసోమంటరేంది? ఇది పిరికోళ్ల పని గాదా?

భారతం ఆదిపర్వంలో ఔర్వుడి కథ ఉంది. క్షత్రియులు ధనం కోసం భృగువంశం వాళ్లను నరుకుతూ కడుపులో పిండాలను కూడా వదల్లేదు. ఒక తల్లి తన పిండాన్ని తొడలో దాచుకుంది. ఊరువు నుంచి పుట్టాడు కాబట్టి ఔర్వుడు. లోకాలన్నిటినీ కాల్చేస్తానని తపస్సుకు కూర్చుంటే పితృదేవతలు వచ్చి వద్దన్నారు. అతను ఊరుకోలేదు. ఈ కోపం న్యాయమైనది, దీన్ని మింగితే నన్నే కాలుస్తుంది అన్నాడు.

వాళ్లు ఆ మాటను కాదనలేదు, చూడండి. మొదట కోపాన్ని చంపుకో అన్నవాళ్లే ఇప్పుడు ఆ మాట మళ్లీ అనలేదు. సముద్రంలో విడిచిపెట్టు అన్నారు. అదే బడబాగ్ని, నీళ్ల అడుగున ఇప్పటికీ మండుతూనే ఉందంటారు. నేను కూర్చోమనేది కూడా అందుకే. నిప్పు ఉంటుంది, గడ్డివాము పక్క నుంచి మాత్రం జరపాలి. ఔర్వుణ్ని పిరికివాడని ఎవరంటారు?

పగ తీర్చుకుంటే ఒక్కసారికి మనసు సల్లబడ్తది గదా?

చల్లబడుతుంది. ఎంతసేపు అనేది నేను కొలిచి చెప్పగలను: మా పాలోడి, అంటే దాయాది, బత్తాయి తోట నుంచి మా ఇంటి కడప వరకు.

ఆ ఎండాకాలం మా బోరు కేబులు ఎవరో కోశారు. నీళ్లందక మా చెట్లు పదహారు ఎండిపోయాయి. పాలోడే కోయించాడని నాకెవరూ చెప్పలేదు, నేనే నమ్మాను. మృగశిర దాటాక ఒక రాత్రి గొడ్డలి తీసుకుని అతని తోటలోకి పోయాను. చెట్టు పూత మీద ఉంది. మొదటి వేటుకే తెల్లటి పూలు నా మెడ మీద, చొక్కా లోపల రాలాయి. కొన్ని వేట్లకు చెట్టు ఒరిగింది. రెండో చెట్టు దగ్గరికి పోయేసరికి చేతులు వణికాయి, వెనక్కి తిరిగాను. దారి పొడుగునా ఛాతీ తేలికగా ఉంది, అబద్ధం చెప్పను. కడప దాటి చొక్కా విప్పితే పూలు జలజలా రాలాయి. మా ఇల్లాలు కింద చూసింది, నన్ను చూసింది. ఏమీ అనకుండా చీపురు తెచ్చి ఊడ్చింది. నా చల్లదనం ఆ చీపురు చప్పుడుతో అయిపోయింది.

తెల్లారి, ఆ చెట్టు పోయినందుకు పాలోళ్లు వాళ్ల జీతగాణ్ని కొట్టారు.

వాని కర్మ వానికే తగుల్తదని ఊకుండొచ్చా?

ఊరుకోగలిగితే మంచిదే. కానీ చాలామంది చేసేది పగను దేవుడికి గుత్తకివ్వడం. గుత్తకిచ్చి, రోజూ పోయి పని ఎంతవరకొచ్చింది అని అడగడం. వాడి కొడుకు పరీక్ష తప్పాడట, వాడి బర్రె చచ్చిందట, ఇదిగో తగిలింది! ఇంత లెక్క రాసుకునేవాడు పగ వదిలినట్టా? "పగ తీర్చుట నా పని" అని బైబిల్లో దేవుడు అంటాడు. ఆయన పని అని ఒప్పుకుంటే ఫైలు ఆయన టేబుల్ మీదే ఉండనివ్వాలి.

చేతబడి చేయిస్తే పీడ పోతదని ఒకాయన చెప్పిండు.

పైసలు పోతాయి, పీడ పోదు. పాలమూరు పల్లెల్లో బాణామతి అనుమానం మీద దెబ్బలు తిన్నది ఎప్పుడూ దిక్కులేనివాళ్లే. ఆ ఒకాయనకు దూరంగా ఉండండి.

## కూర్చుని లోపలికి చూసుకునేటప్పుడు

నాకు ధ్యానం కుదరదు సార్. కండ్లు మూస్తే వాని మొఖమే కనబడ్తది.

అయితే మీకు ధ్యానం బాగా కుదిరినట్టే. గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాల్లో మనిషి చెడే దారి వరుసగా ఉంది: తలుచుకోవడం, దాని వల్ల సంగం (అంటిపెట్టుకోవడం), కామం, క్రోధం, మోహం, మతి తప్పడం, చివరికి బుద్ధి నాశనం. ఆ వరుసలో మొట్టమొదటి మాట "ధ్యాయతో". రోజంతా వదలకుండా ఒక్క రూపాన్ని తలుచుకునేవాడికి ఏకాగ్రత లేదని ఎట్లా అంటాం? మీ ఇష్టదైవం మొఖం మీకు అంత స్పష్టంగా ఎప్పుడైనా కనబడిందా?

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు, కందూరు చోళుల నాటిది. లింగం మీద పొద్దంతా స్తంభం లాంటి నీడ పడుతూనే ఉంటుంది, పొద్దు ఎటు తిరిగినా కదలదు. చిన్నప్పుడు అది ఏ స్తంభం నీడో పట్టుకుందామని ఒకణ్ని ఒక్కో స్తంభం ముందు నిలబెట్టేవాళ్లం. వాడు నిలబడ్డా నీడ అట్లాగే ఉండేది. అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు, వెలుగు నాలుగు దిక్కుల నుంచి స్తంభాల సందుల్లోంచి వచ్చి అక్కడ ఆ నీడ కడుతుంది. మీ కళ్ల ముందటి మొఖం కూడా వాడొక్కడిదే అనుకోవద్దు. ఆ రోజు పక్కన నిలబడి నవ్వినవాడు, ఏమీ అనని మీ అన్న, బళ్లో మిమ్మల్ని కొట్టిన సారు, వీళ్లంతా అందులో ఉండొచ్చు. మొఖం కనబడితే తరమకండి. ఇది ఎవరెవరి నీడ అని అడగండి.

మరి కూసొని ఏం చెయ్యాలె? ఇడిసి చెప్పుండ్రి.

తెల్లవారుజామున, రోజూ ఒకే చోట, ఇరవై నిమిషాలు. వీపు గోడకు ఆనితే ఏమీ కాదు. మొదట కొంతసేపు ఊపిరి: లోపలికి "సో", బయటికి "హం". పాత తత్వాల్లో హంస అని పాడేది ఈ ఊపిరినే.

తర్వాత జరిగినదాన్ని ఒక్క వాక్యంలో చెప్పుకోండి, కోర్టులో సాక్షి చెప్పినట్టు. "గెట్టు రాయి రెండడుగులు ఇటు జరిపాడు." అంతే. "నన్ను పురుగులాగా చూశాడు" అంటే అది మీరు కలిపింది. కలిపింది తప్పని అనడం లేదు, దాన్ని వేరేగా పెట్టుకోండి. ఆ వాక్యం అనుకోగానే ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూడండి. దవడలోనా, కడుపులోనా, భుజాల్లోనా? అక్కడే ఉండండి. కథ చెప్పకండి, తీర్పు ఇవ్వకండి. చివరికి ఒక్క ప్రశ్న: ఈ పగ పోతే నాకు ఏం పోతుందని భయం? జవాబు రాకపోయినా సరే, అడిగి లేవండి.

ఇంకొకటి, ఇది నా సొంత పద్ధతి. పొద్దున రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకదాంట్లో చింతగింజలు. వాడు యాదికొచ్చినప్పుడల్లా ఒక గింజ రెండో గిన్నెలో వేయండి. పని మీద బయటికి పోతే జేబు నుంచి జేబుకు. నాకు మొదటి రోజు నలభై మూడు పడ్డాయి. అప్పటిదాకా వాణ్ని నేను పట్టించుకోనని అందరికీ చెప్పుకునేవాణ్ని! గింజలు తగ్గాలని పట్టుబట్టకండి, లెక్క నిజంగా ఉంటే చాలు.

కూసుంటే కోపం రాకుండ ఏడుపొస్తంది. నాకేమన్న అయ్యిందా?

ఏమీ కాలేదు, అడుగు తగిలింది. బాయి తవ్వేటప్పుడు పైన ఎర్రమట్టి, ఆ కింద మొరం, రాయి, అప్పుడు నీళ్లు. పగ పైమట్టి. కింద ఎక్కువగా ఉండేది దుఃఖం, లేదంటే సిగ్గు. చచ్చిపోయిన తమ్ముడి కోసం పెట్టుకున్న పగ వదిలితే తమ్ముణ్నే వదిలినట్టు అవుతుందని ఒకామె ఏండ్ల తరబడి పట్టుకుంది. తమ్ముడి ఫొటో ముందు ఒకరోజు కడుపారా ఏడ్చాక, పగను, తమ్ముణ్ని వేరు చేయడం ఆమెకు తెలిసింది. ఏడుపు వస్తే ఆపకండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి కూర్చోండి, లేకపోతే వాళ్లు భయపడి దిష్టి తీయిస్తారు.

ఒక్కడు చేసిన పనికి ఇప్పుడు వాళ్ల కులమంటేనే కడుపుల మండుతది.

రురుడు అనే మునికుమారుడి కథ కూడా ఆదిపర్వంలోనే ఉంది. పెళ్లి కావలసిన ప్రమద్వరను పాము కరిచింది. తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకున్నాడు. అయినా పగ పోలేదు, కనబడ్డ పామునల్లా కట్టెతో చంపుతూ తిరిగాడు. ఒకరోజు విషం లేని డుండుభం అనే పాము మీద కట్టె ఎత్తితే, నేను నిన్నేం చేశాను అని అడిగింది.

ప్రమద్వర బతికి ఇంట్లోనే ఉంది, ఆయన అడవిలో పాముల వెంట తిరుగుతున్నాడు. నాకు ఆ కథలో గుచ్చుకునేది అదే. మీ కట్టె కింద ఇప్పుడున్నది ఎవరో పేరుతో చెప్పుకోండి. కిరాణా కొట్టాయనా? మీ బిడ్డతో చదివే పిల్లా?

ఎన్ని రోజులు పడ్తది?

నాకు ఏండ్లు పట్టింది. మీకు అంత పట్టకపోవచ్చు.

## ఇల్లు, ఊరు, కోర్టు

మనసుల పగ తీసేస్తే కేసు గూడ వాపస్ తీసుకోవాల్నా?

అక్కర్లేదు. పగ వేరు, కేసు వేరు. నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు అయిదుగురినీ చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఆమె ముందు పడేశాడు. భాగవతంలో ఆమె, విడిచిపెట్టండి, వీడి తల్లి కృపి నాలాగా ఏడవొద్దు అంటుంది. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. తర్వాత జరిగింది మర్చిపోతారు: తల గొరిగి, తల మీది మణి తీసుకుని, వెళ్లగొట్టారు. ప్రాణం విడిచారు, శిక్ష విడవలేదు.

చిన్న గొడవ, గెట్టు పంచాయితీ, బాకీ లాంటివైతే లోక్ అదాలత్‌కు పోవచ్చు. అక్కడ రాజీ అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. హత్య, అత్యాచారం లాంటివి చట్టప్రకారం రాజీ పడేవి కావు, పెద్దమనుషులు ఎంత చెప్పినా సరే. వాయిదా ఉన్న రోజు కోర్టుకు పోండి, సాక్ష్యం చెప్పండి, ఇంటికొచ్చి బువ్వ తినండి. వాయిదాల నడుమ నెలల్లో ఇంట్లో కూడా కోర్టు నడపకుండా ఉండడమే సాధన.

అత్తగారింట్ల పదేండ్లు తిప్పలు పెట్టిండ్రు. అందరు క్షమించు క్షమించు అంటరు. నేనెందుకు క్షమించాలె?

అక్కా, అననివ్వండి. ఆ మాట చెప్పేవాళ్లలో సగం మందికి కావలసింది మీ శాంతి కాదు, వాళ్ల ఇంటి పరువు. పగ దించుకోవడం, క్షమించడం, మళ్లీ కలిసి ఉండడం మూడూ వేరువేరు పనులు. మొదటిది మీ నిద్ర కోసం. రెండోది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మూడోది మీ క్షేమం చూసుకున్నాకే. ఇంకా చెయ్యెత్తుతుంటే ధ్యానానికి కూర్చోకండి, 181కు ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ, ఉండడానికి చోటు, ఖర్చులు అడగొచ్చు. దెబ్బలు పడే చోట ఓర్పు నేర్పే గురువు దగ్గరికి మళ్లీ పోవద్దు.

"మీ నాయన పేరు నిలబెట్టు" అని మావోళ్లే ఎగదోస్తుండ్రు.

తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కరిచాడని జనమేజయుడు సర్పయాగం చేశాడు. ఆయనను ఎగదోసింది ఎవరు? ఉదంకుడు. ఎందుకు? తక్షకుడు అతని దగ్గర కుండలాలు ఎత్తుకుపోయాడు కాబట్టి. కుండలాల కోసం మొదలైన పగ, తండ్రి పేరు మీద నడిచింది. మిమ్మల్ని ఎగదోసేవాళ్ల కుండలాలు ఏంటో కనుక్కోండి. సర్పంచ్ ఎన్నికలా, బాట గొడవా, పాత బాకీయా?

ఆ యాగాన్ని ఆపింది ఆస్తీకుడు. తల్లి నాగజాతి, తండ్రి ముని, అంటే అటూ ఇటూ చుట్టమే. ప్రతి ఊళ్లో అట్లాంటివాడు ఒకడుంటాడు, రెండు ఇండ్లల్లో అన్నం తినేవాడు. ఎక్కువగా మేనత్తో, వియ్యపురాలో అయి ఉంటుంది. కచ్చీరు దగ్గర మీసం తిప్పేవాళ్ల కన్నా ముందు ఆమెను కలవండి.

మేం దర్గాకు పోతం. ఇది మాకు పనికొస్తదా?

వస్తుంది. చేసిన కీడుకు అంతే కీడు అని హద్దు గీసి, క్షమించి సర్దుకున్నవాడి ప్రతిఫలం అల్లాహ్ దగ్గరుందని ఖురాన్ 42వ సూరా అంటుంది. పగ పగతో ఎన్నటికీ చల్లారదని ధమ్మపదం అయిదో గాథ. బౌద్ధం మనకు పరాయిది కాదు, ఫణిగిరి గుట్ట మీద స్తూపం ఉంది. లతీఫ్ సాహెబ్ దర్గా గుట్ట మెట్లు ఎక్కేవాడికి, చెరువుగట్టు శివుడి గుట్ట ఎక్కేవాడికి ఆయాసం ఒక్కటే.

భూమి గుంజుకున్నరు. కూసుంటే భూమి వస్తదా?

రాదు. 1951లో, తెలంగాణ సాయుధ పోరాటం నాటికి, మన జిల్లాలో రెండు పక్షాల రక్తమూ పారి ఉంది. ఆ ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి దళితవాడకు పోయి ఏం కావాలని అడిగితే, శాంతి కావాలని ఎవరూ అనలేదు. ఎనభై ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచారు. తర్వాత భూదాన భూముల చుట్టూ ఎన్ని పంచాయితీలు నడిచాయో మనకు తెలుసు, అది వేరే కథ. అడగవలసింది ఎకరాల్లో అడగాలి, కాగితంతో అడగాలి. కూర్చోవడం వల్ల వచ్చేది ఒక్కటే: అడిగేటప్పుడు గొంతు వణకదు, చెయ్యి లేవదు.

## ఏండ్లు గడిచినంక

పోయిందనుకున్న పగ, పెండ్లిల వాన్ని చూడంగనే మళ్ల లేచింది.

సర్కారు తుమ్మను మొదలంటా కొట్టినా వానకు చిగురేస్తుంది. చిగురు చూసి, కొట్టిందంతా దండగ అనుకోం. చిగురు గోరుతో గిల్లితే పోతుంది, మానుకు గొడ్డలి కావాలి. ఆ పెండ్లిలో అన్నం సగంలో లేవకుండా తిని వస్తే చాలు.

పగ తీర్చుకున్నది నేనే. ఇప్పుడు నాకు ఉపాయమేంది?

నేనూ ఆ వరుసలోవాణ్నే. రాత్రిపూట మా పాలోడి బత్తాయి చెట్టు నరికాను, దెబ్బలు అతని జీతగాడు తిన్నాడు. రెండేండ్లు నోరు విప్పలేదు. చివరికి ముందు జీతగాడి ఇంటికే పోయాను, ఎక్కువ అన్యాయం జరిగింది అతనికి. వాకిట్లో మంచం వేసి, "సారొచ్చిండు" అని చాయ్ పెట్టమన్నాడు. చెప్పాను. బీడీ వేళ్ల నడుమ తిప్పుకుంటూ చాలాసేపు కూర్చుని, "అప్పుడే చెప్తే అయిపోవు గద సారూ" అన్నాడు. చాయ్ మాత్రం తాగే పంపించాడు.

పాలోడి దగ్గర చెట్టు ధర చేతిలో పెట్టి, నేనే నరికిన అన్నాను. "నువ్వు మా కేబులు కోయించినవు కాబట్టి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం అన్నిటికన్నా కష్టమైంది. మీరు చేసింది పెద్ద నేరమైతే ముందు వకీలును కలవండి, కానీ నిజం చెప్పడానికి కలవండి.

వేమన చెప్పినట్టు శత్రువుకు మేలు చేసి పంపితే?

"పొసగ మేలుచేసి పొమ్మనుటే చావు" అన్నాడు వేమన ("చాలు" అనే పాఠం కూడా ఉంది). చిన్నప్పటి నుంచి పిల్లలకు నేనే నేర్పాను. వయసు మీద పడ్డాక ఆ చివరి "చావు" దగ్గర ఆగుతున్నాను. వాడు సిగ్గుతో చావాలని మేలు చేస్తే, అది తియ్యటి పగ. చెయ్యి ఆపడానికి మాత్రం పద్యం బాగా పనికొస్తుంది, అంతవరకు వాడుకోండి.

ఎదురువడ్తే పలకరించాల్నా? ఎవరు ముందు?

మనకు దసరా ఉంది. జమ్మిచెట్టు కింద చీటీ మీద "శమీ శమయతే పాపం శమీ శత్రు వినాశినీ" అని రాసి కడతాం, అదే చేత్తో జమ్మి ఆకు తెంపి బంగారం అని పంచుతాం. మాట్లాడుకోనివాళ్లు మాట్లాడుకోవడానికి ఊరే ఇచ్చిన సాకు అది. ముందు ఎవరు అనే లెక్క ఆ సాయంత్రం ఎవరూ చూడరు.

మా పాలోడు, నేను ఒకప్పుడు చెట్టు నరుక్కునే దాకా పోయినవాళ్లం. నేను తప్పు ఒప్పుకున్న ఆ ఒక్కసారి తప్ప తొమ్మిదేండ్లు మాటల్లేవు. ఒక దసరా చీకటి పడ్డాక మా గేటు చప్పుడైంది. అతనే. నా చేతిలో జమ్మి పెట్టాడు. అలాయిబలాయి తీసుకోలేదు, ఇద్దరికీ చేతులు రాలేదు. కూసో అన్నాను, కూర్చున్నాడు. తోట ఎట్లుందని అడిగాను.

"ఈసారి కాయ బాగ రాల్తంది" అన్నాడు.

ఆకు ఎట్లుందని అడిగాను. పసుపు తిరుగుతోందన్నాడు. జింకు కొట్టి చూడమన్నాను.